పాయింటు తర్వాత రెండో అంకె

ఇంటర్ మొదటి ఏడాది ఫిజిక్స్ ల్యాబులో వెర్నియర్ కాలిపర్స్ పట్టుకోని సైన్సు విద్యార్థి ఉండడు. గోళం వ్యాసం, స్తూపం పొడవు, కనీసపు కొలత 0.01 సెంటీమీటరు అని రికార్డులో రాసి సంతకం పెట్టించుకున్నాక చాలామంది దాని మొహం మళ్లీ చూడలేదు. ఇప్పుడదే పనిముట్టు చిన్న తెర తగిలించుకుని ఇళ్లలోకి వచ్చింది. త్రీడీ ప్రింటర్ కొన్న కుర్రాళ్లు, రిటైరయ్యాక చెక్కపని మొదలుపెట్టిన పెద్దలు, ఇంట్లో ఫ్యాన్లూ మోటార్లూ తామే విప్పుకునేవాళ్లు టేపు తర్వాత కొనే కొలత పనిముట్టు డిజిటల్ కాలిపరే. ఎక్కువమంది తెర మీద పెద్దగా కనిపించే అంకెల్ని చూసి కొనేస్తారు. నేనూ మొదటిసారి అలాగే కొన్నాను. ఆ తర్వాత తెలుసుకున్నవే ఈ విశేషాలు.

తెర చెప్పేది వేరు, కొలత వేరు

తెర 0.01 మిల్లీమీటరు దాకా చూపిస్తుంది కాబట్టి కొలత కూడా అంతవరకూ నిజమే అనుకుంటాం. కాదు. తెర ఎంత చిన్న తేడాను చూపగలదో చెప్పే సంఖ్య ఒకటి, ఆ చూపినది అసలు కొలతకు ఎంత దగ్గరో చెప్పే సంఖ్య ఇంకొకటి. మొదటిది రిజల్యూషన్, రెండోది యాక్యురసీ. జపాన్‌కు చెందిన మిటుటోయో తయారుచేసే 150 మి.మీ. డిజిటల్ కాలిపర్‌ను ప్రపంచమంతా మంచి పనిముట్టుకు నమూనాగా చూస్తారు. దాని కాగితం మీద కూడా రిజల్యూషన్ 0.01 అని, యాక్యురసీ 0.02 అటూ ఇటూ అని విడివిడిగా రాసి ఉంటుంది. అంటే తెర 10.00 అంటే అసలు కొలత 9.98కీ 10.02కీ మధ్య ఎక్కడో ఉందన్నమాట. పెట్టె మీద రిజల్యూషన్ ఒక్కటే పెద్ద అక్షరాల్లో వేసి రెండో సంఖ్య ఊసే ఎత్తకపోతే అనుమానించాల్సిందే.

స్టిక్కర్ కింద రాగి

పొడుగు పట్టీ మీద అంకెలు ముద్రించిన స్టిక్కర్ ఉంటుంది కదా, దాని కింద ఒక సర్క్యూట్ బోర్డు దాగి ఉంది. దాని మీద దువ్వెన పళ్లలా వరసగా రాగి గీతలు. జారే భాగం అడుగున ఇంకో బోర్డు, దాని మీదా రాగి ముక్కలే. ఎదురెదురుగా ఉండి తగలని రెండు రాగి ముక్కలు కలిసి ఒక కెపాసిటర్ అవుతాయి. జారే కొద్దీ ఒకదాని ఎదుట ఇంకొకటి ఎంత మేర ఉందో మారుతుంది, ఆ మార్పును చిప్ లెక్కగట్టి మిల్లీమీటర్లుగా చూపిస్తుంది. లోపల పళ్లచక్రం లేదు, రాసుకుని అరిగేది లేదు.

ఈ తెలివైన పద్ధతికి శత్రువు నీళ్లు. విద్యుత్ క్షేత్రం విషయంలో నీరు గాలి కంటే దాదాపు 80 రెట్లు తేడాగా ప్రవర్తిస్తుంది. పట్టీకీ స్లైడర్‌కీ మధ్య సన్నటి తడి పొర చేరినా చిప్ తడబడుతుంది. మే నెలలో విశాఖలోనో కాకినాడలోనో చెమట చేతులతో పనిచేసేవాళ్లకు అంకెలు ఉన్నట్టుండి గంతులేయడం అనుభవమే. అప్పుడు పనిముట్టు పాడైందని పారేయకండి. మెత్తటి పొడిగుడ్డతో పట్టీని తుడిచి చూడండి. కూలెంట్ చిమ్మే లేత్ దగ్గర వాడేవాళ్ల కోసం నీళ్లు చొరబడని ఐపీ67 రకాలు ఉన్నాయి. మిటుటోయో వాటిలో కెపాసిటర్ పద్ధతి కాకుండా విద్యుదయస్కాంత ప్రేరణ పద్ధతి వాడుతుంది, అందుకే తడి వాటిని పెద్దగా ఇబ్బంది పెట్టదు. ఇంటి పనికి ఐపీ67 తప్పనిసరేమీ కాదు.

ఆపేసినా ఆగదు

చౌక కాలిపర్‌లో ఆఫ్ బటన్ నొక్కితే ఆగేది తెర మాత్రమే. సున్నా ఎక్కడుందో మరచిపోకుండా ఉండటానికి లోపలి చిప్ రాత్రింబవళ్లు కొలుస్తూనే ఉంటుంది. ఆరు నెలలు డబ్బాలో పెట్టి తీస్తే బ్యాటరీ ఖాళీగా ఉండటానికి కారణం అదే. పని లేనప్పుడు బ్యాటరీ తీసి పక్కన పెట్టుకోవడం ఒక్కటే మందు.

బ్యాటరీలోనూ ఒక సంగతి ఉంది. గడియారాల కొట్టులో ఎల్‌ఆర్44, ఎస్‌ఆర్44 అని రెండు బిళ్లలు ఒకే సైజులో దొరుకుతాయి. మొదటిది ఆల్కలైన్, వాడే కొద్దీ వోల్టేజి మెల్లగా దిగజారుతుంది. రెండోది సిల్వర్ ఆక్సైడ్, 1.55 వోల్టుల దగ్గర చివరిదాకా నిలబడి ఒక్కసారిగా పడిపోతుంది. కాలిపర్‌కు కావాల్సింది రెండోదే. అంకెలు మిణుకుమిణుకుమంటే చాలాసార్లు జబ్బు బ్యాటరీదే.

సున్నా మరచిపోని రకం

అబ్సల్యూట్ అనే మాట ముఖం మీద ఉన్న కాలిపర్లు వేరే జాతి. మామూలు రకం సున్నా నుంచి ఎన్ని గీతలు దాటానో లెక్కబెట్టుకుంటూ పోతుంది, లెక్క తప్పితే అన్నీ తప్పే. అబ్సల్యూట్ రకం పట్టీ మీద తను ఎక్కడుందో గీతల అమరికను చూసి ఎప్పటికప్పుడు తెలుసుకుంటుంది. అందుకని ఆపినా, ఎంత వేగంగా లాగినా సున్నా చెక్కుచెదరదు. బ్యాటరీ మార్చినప్పుడు ఒక్కసారి సున్నా పెడితే చాలు. కొన్ని ఏళ్లపాటు ఒకే బ్యాటరీతో నడుస్తుంది. డబ్బు పెట్టగలిగితే నేను మొదట చూసేది దీన్నే.

సీలింగ్ ఫ్యాన్‌లో దొరికే కొలబద్ద

కాలిపర్ నిజం చెబుతోందా అని చూడటానికి పరిశ్రమల్లో గేజ్ బ్లాకులు, అంటే కచ్చితమైన కొలతకు చేసిన దిమ్మెలు వాడతారు. ఇంట్లో అవెక్కడ దొరుకుతాయి? పోయిన వేసవిలో మా హాల్లో ఫ్యాను గరగరమంటుంటే దించి బేరింగు మార్చాను. వీధి చివర ఎలక్ట్రికల్ కొట్టులో "6202 ఇవ్వండి" అంటే నూనె కాగితంలో చుట్టినది చేతిలో పెట్టారు. ఈ నంబరులోనే ఒక విశేషం ఉంది. చివరి రెండు అంకెలు లోపలి రంధ్రం సంగతి చెబుతాయి. 00 అంటే 10 మి.మీ., 01 అంటే 12, 02 అంటే 15, 03 అంటే 17. 04 నుంచి ఆ అంకెను 5తో హెచ్చిస్తే సరి, 04 అంటే 20, 05 అంటే 25. మన సీలింగ్ ఫ్యాన్లలో ఎక్కువగా కనిపించేవి 6201, 6202.

6202 బయటి వ్యాసం 35 మి.మీ., రంధ్రం 15, వెడల్పు 11. మామూలు తరగతి బేరింగులో కూడా బయటి వ్యాసం 35 కంటే 0.011 మి.మీ. మించి తగ్గకూడదు, అసలు పెరగకూడదు. రంధ్రం 15 కంటే 0.008 మించి తగ్గకూడదు. పేరున్న కంపెనీ కొత్త బేరింగు ఒకటి చేతిలో ఉంటే రెండు గేజులు ఉన్నట్టే. వస్తువును బయటి నుంచి పట్టే బయటి దవడలకు ఒకటి, రంధ్రంలో దూరే లోపలి దవడలకు ఒకటి. వెడల్పును మాత్రం నమ్మకండి. అక్కడ 0.12 మి.మీ. దాకా తక్కువ ఉన్నా నిబంధన ఒప్పుకుంటుంది.

ఆ రోజు కొత్త బేరింగును భోజనాల బల్ల మీద పెట్టి నా దగ్గరున్న రెండు కాలిపర్లతో కొలిచాను. నేను మొదట కొన్న చౌకది 35.06 అంది. వదిలి మళ్లీ పట్టుకుంటే 34.97. మూడోసారి 35.03. వస్తువు మారలేదు, నా చెయ్యి మారలేదు, అంకె మారింది. దవడల్ని మూసి చూస్తే సున్నా కూడా 0.03 దగ్గర ఆగింది. రెండోదానితో పదిసార్లు కొలిచాను, 34.99, 35.00, మళ్లీ 34.99. త్రీడీ ప్రింటర్‌లో గీసుకున్న డబ్బా మూతలు మూడుసార్లు సరిపోకపోవడానికి కారణం నా లెక్కలు కాదని ఆ బల్ల దగ్గర తెలిసొచ్చింది. అప్పటినుంచి ఎవరు అడిగినా చెప్పేది ఒకటే. కాలిపర్‌లో మొదట చూడాల్సింది మళ్లీ మళ్లీ అదే జవాబు చెబుతుందా లేదా అని. ఎప్పుడూ 0.02 ఎక్కువ చూపేదాన్ని సర్దుకోవచ్చు. పూటకో మాట చెప్పేదాన్ని ఏ లెక్కతోనూ సర్దుకోలేం.

కొట్టులోనే చేయదగ్గ పరీక్షలు

దవడలు మూసి ట్యూబులైటుకు అడ్డంగా పట్టుకోండి. మధ్య నుంచి వెలుతురు గీత కనిపించకూడదు. మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండు మూడున్నా మంచి కన్ను ఆ సందును పట్టేస్తుంది. ఒక కొస మూసుకుని ఇంకో కొస తెరుచుకుంటే దవడలు సమాంతరంగా లేవని అర్థం, దాన్ని పక్కన పెట్టేయండి. తర్వాత లాక్ స్క్రూ బిగించి చూడండి, బిగించేటప్పుడు అంకె కదలకూడదు. స్లైడర్‌ను పైకీ కిందికీ ఊపితే ఆట ఉండకూడదు. పట్టీ మొదటి నుంచి చివరిదాకా జారుడు ఒకేలా ఉండాలి, మధ్యలో ఎక్కడా ఇసుక తగిలినట్టు ఉండకూడదు. ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు పార్సిల్ విప్పిన రోజే ఇవన్నీ చేసేయాలి, తిప్పి పంపే గడువు దాటకముందే.

దవడ మొనతో కొలవకండి

1890లో జర్మనీలోని యెనా నగరంలో, జైస్ కంపెనీలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ ఆబె ఒక సూత్రం చెప్పాడు. కొలిచే వస్తువు, కొలిచే స్కేలు ఒకే గీత మీద ఉండాలి. స్క్రూగేజి ఈ సూత్రాన్ని పాటిస్తుంది. కాలిపర్ పాటించదు, దాని స్కేలు పైన పట్టీలో ఉంటే వస్తువు కింద దవడల మధ్య ఉంటుంది. అందుకే గట్టిగా నొక్కితే కదిలే దవడ రవంత వాలుతుంది, మొన దగ్గర తప్పు పెరుగుతుంది. వస్తువును వీలైనంత పట్టీ దగ్గరగా, దవడల మొదట్లో పెట్టి, బొటనవేలితో ప్రతిసారీ ఒకే బలంతో నెట్టాలి. చాలా కాలిపర్లకు ఉండే చిన్న బొటనవేలి చక్రం ఇందుకే.

రెంటచింతల ఎండకూ 20 డిగ్రీలకూ సంబంధం

ప్రపంచంలో ఏ యంత్ర భాగానికైనా కొలత ఇంత అని చెబితే అది 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇంత అని అర్థం. 1931లో అంతర్జాతీయంగా ఖాయమైన నియమం ఇది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో షెడ్డు లోపల 40 దాటుతుంది. 100 మి.మీ. ఉక్కు కడ్డీ 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.023 మి.మీ. పెరుగుతుంది, అల్యూమినియం సుమారు 0.046. కాలిపర్ కూడా ఉక్కే కాబట్టి ఉక్కు వస్తువును కొలిచేటప్పుడు రెండూ కలిసి పెరిగి తేడా దాదాపు రద్దయిపోతుంది. అల్యూమినియం అయితే సగం తప్పు మిగిలిపోతుంది, ప్లాస్టిక్ అయితే ఇంకా ఎక్కువ. ప్రింటర్ మీంచి అప్పుడే ఊడదీసిన ముక్కనో, డ్రిల్ చేసి వేడెక్కిన ముక్కనో కొలిచి తొందరపడకండి. టీ తాగి వచ్చి కొలవండి.

సముద్రం అడుగున ఒకటి, చైనాలో ఒకటి

ఇటలీ తీరాన జీలియో దీవి దగ్గర మునిగిన క్రీస్తుపూర్వం 6వ శతాబ్దపు ఓడలో చెక్క కాలిపర్ దొరికింది. ఒక దవడ కదలకుండా, ఇంకో దవడ జారేలా, నేటిదాని పోలికే. చైనాలో వాంగ్ మాంగ్ పాలనలో క్రీస్తుశకం 9లో చేసిన కంచు కాలిపర్ మీద తయారైన తేదీ కూడా చెక్కి ఉంది.

మనం ల్యాబులో నేర్చుకున్న వెర్నియర్ స్కేలు పుట్టింది మాత్రం ఆకాశాన్ని కొలవడానికి. ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త పియర్ వెర్నియర్ 1631లో బ్రస్సెల్స్‌లో అచ్చువేసిన పుస్తకంలో కోణాలు కొలిచే క్వాడ్రంట్ కోసం దీన్ని వివరించాడు. అంతకు ముందే 1542లో పోర్చుగీసు పండితుడు పెద్రో నూనెష్ ఇదే అవసరానికి మరో ఉపాయం చెప్పాడు. లాటిన్‌లో ఆయన పేరు నోనియస్. జర్మన్లు ఇప్పటికీ వెర్నియర్ స్కేలును నోనియస్ అనే అంటారు. దాన్ని వర్క్‌షాపు కాలిపర్ మీదికి తెచ్చి, అంగుళంలో వెయ్యో వంతు చదివేలా చేసి అమ్మినవాడు అమెరికాలోని ప్రావిడెన్స్ నగరంలో గడియారాల పని చేసిన జోసెఫ్ బ్రౌన్. అది 1851.

హోటల్ గదిలో బుద్ధుడు

మిటుటోయోను 1934లో స్థాపించిన యెహాన్ నుమాతా ఒక బౌద్ధాలయ పూజారి కొడుకు. కంపెనీ నిలదొక్కుకున్నాక ఆయన 1965లో బుక్యో దెందో క్యోకై అనే బౌద్ధ ప్రచార సంస్థను పెట్టాడు. జపాన్‌లోనూ ఇతర దేశాల్లోనూ హోటల్ గదుల సొరుగుల్లో కనిపించే బుద్ధ బోధనల పుస్తకం ఆ సంస్థ పంచేదే. కొలత పనిముట్ల మీద వచ్చిన సొమ్ము అలా కొంత ధర్మానికి వెళ్లింది. నాకీ సంగతి ఎంతో నచ్చింది.

ఆ పేరు మీద నకిలీలు కూడా విపరీతంగా తిరుగుతున్నాయి. ముఖం, పెట్టె, అక్షరాలు అన్నీ అచ్చు గుద్దినట్టుంటాయి. అసలు ధరలో నాలుగో వంతుకు దొరుకుతోందంటే అది అసలుది కాదు. ఆ డబ్బే ఉంటే, తన సొంత పేరుతో అమ్ముడయ్యే మధ్యస్థ రకం కొనుక్కోవడం వెయ్యి రెట్లు మేలు.

అరంగుళం పైపులో అరంగుళం ఎక్కడ?

కాలిపర్ చేతికొచ్చాక ఇంట్లో అన్నిటినీ కొలవాలనిపిస్తుంది. కొలవండి, ఎన్నో రహస్యాలు బయటపడతాయి. అరంగుళం అంటే 12.7 మి.మీ. కదా. అరంగుళం జీఐ పైపు బయట కొలిస్తే 21.3 వస్తుంది. అరంగుళం సీపీవీసీ పైపు 15.9 వస్తుంది. జీఐ పైపుకు పేరు లోపలి రంధ్రాన్ని బట్టి వచ్చింది. సీపీవీసీ రాగి గొట్టాల కొలతల పద్ధతిని అనుసరిస్తుంది, అందులో బయటి వ్యాసం పేరు కంటే సరిగ్గా అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువ. హార్డ్‌వేర్ కొట్టు భాషలో ఒక సూత్ ఎక్కువన్నమాట.

ఎం8 బోల్టు కొలిస్తే 8.00 రాదు, 7.8, 7.9 అలా వస్తుంది. కాలిపర్ తప్పు కాదు. నట్టులో తేలిగ్గా తిరగడానికి బోల్టును అలా తక్కువగానే చేస్తారు.

1.5 చదరపు మి.మీ. వైరు లోపల 0.3 మి.మీ. పోగులు 22 ఉంటాయని కొన్ని చుట్టల మీద రాసి ఉంటుంది. ఒక్క పోగును కొలిస్తే కాలిపర్ తప్పే ఫలితాన్ని మింగేస్తుంది. పది పోగులు పక్కపక్కన ఒత్తుగా పేర్చి కొలిచి పదితో భాగించండి. 3.0 రావాల్సిన చోట 2.7 వస్తే రాగి ఐదో వంతు తగ్గినట్టే, ఎందుకంటే వైశాల్యం వ్యాసం వర్గంతో తగ్గుతుంది. త్రీడీ ప్రింటర్ ఫిలమెంట్‌కూ ఇదే లెక్క. 1.75 ఉండాల్సిన చోట 1.80 ఉంటే దాదాపు 6 శాతం ఎక్కువ ప్లాస్టిక్ కారిపోతుంది.

నాలుగో కొలత

బయటి దవడలు, లోపలి దవడలు, వెనక నుంచి పొడుచుకొచ్చే లోతు కడ్డీ అందరికీ తెలుసు. నాలుగోది చాలామందికి తెలియదు. పట్టీ తల అంచుకూ స్లైడర్ అంచుకూ మధ్య మెట్టును కొలవవచ్చు. మెట్టు ఎత్తుకు వెనకాల ఉండే సన్న కడ్డీ కంటే ఇది స్థిరంగా కూర్చుంటుంది.

సున్నా బటన్‌తో ఇంకో ఉపాయం. ఒకే సైజు రంధ్రాలు రెండున్నాయి, వాటి కేంద్రాల మధ్య దూరం కావాలి. లోపలి దవడలతో ఒక రంధ్రం వ్యాసం కొలిచి అక్కడే సున్నా నొక్కండి. తర్వాత అవే దవడలతో ఒక రంధ్రం దూరపు అంచు నుంచి రెండో రంధ్రం దూరపు అంచుదాకా చాపండి. తెర మీద కనిపించేదే కేంద్రాల దూరం, కాగితం పెన్సిలు అక్కర్లేదు. రంధ్రం మరీ చిన్నదైతే మాత్రం జాగ్రత్త. లోపలి దవడల అంచులు కత్తిలా ఉన్నా వాటికీ కొంత మందం ఉంటుంది, అందుకే చిన్న రంధ్రాన్ని ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తాయి. అక్కడ డ్రిల్ బిట్టు దూర్చి చూడటమే మంచిది.

అంగుళం బటన్

మి.మీ., అంగుళం మార్చే బటన్ నొక్కినప్పుడు 25.4తో భాగించడం జరుగుతుంది, అందులో ఇప్పుడు రవ్వంత తేడా లేదు. ఒకప్పుడు అమెరికా అంగుళం, బ్రిటిష్ అంగుళం వేరు. స్వీడన్‌కు చెందిన గేజ్ బ్లాకుల సృష్టికర్త యోహాన్సన్ రెండిటి మధ్యా సరిగ్గా 25.4 పట్టుకుని తన బ్లాకులు చేశాడు. ఆ సంఖ్యే 1959లో దేశాల ఒప్పందంగా మారింది.

కొన్ని చౌక కాలిపర్ల మీద చిన్న మూత జరిపితే నాలుగు రాగి చుక్కలు కనిపిస్తాయి. కొలతను కంప్యూటర్‌కు పంపే దారి అది. ఎలక్ట్రానిక్స్ అంటే ఇష్టమున్నవాళ్లు వాటికి వైర్లు అతికించి ఆర్డువినో అనే చిన్న కంప్యూటర్ బోర్డుకు కలుపుకుంటున్నారు. పాత మిల్లింగ్ మిషన్‌కు ఇలా తెర తెచ్చుకున్నవాళ్లున్నారు.

చివరగా కొన్ని జాగ్రత్తలు. దవడల మొనలతో రేకు మీద గీతలు గీయకండి, ఆ అంచు పోతే కాలిపర్ పోయినట్టే. తిరుగుతున్న లేత్ మీది ముక్కకు ఎప్పుడూ తగిలించకండి, అది చేతికే ప్రమాదం. వాడటం అయ్యాక గుడ్డతో తుడిచి, ఒక్క చుక్క సన్న నూనె రాసి, లాక్ వదులు చేసి, దవడల మధ్య ఒక మిల్లీమీటరు సందు ఉంచి డబ్బాలో పెట్టండి. వేడికి లోహం పెరిగినా ఒకదాన్నొకటి ఒత్తుకోకుండా ఆ సందు.